ప్రాగ్‌లో ఆల్‌బుఖారా కుడుములు

నేను ఒక పన్నెండు లీటర్ల ప్రెషర్ కుక్కర్‌ని. అల్యూమినియం ఒళ్లు, పెద్ద నోరు. ఏ పని చేసినా పదిమందికీ వినబడేలా చేయడం నాకు పుట్టుకతో వచ్చిన బుద్ధి. ప్రస్తుతం తునిలో ఒక అటక మీద విశ్రాంతి తీసుకుంటున్నాను. మీకు తీరికుంటే నా కథ కాస్త వినండి.

ఫ్యాక్టరీ నుంచి నేరుగా కాకినాడలో ఒక మెస్సుకు వచ్చాను. ఎనిమిదేళ్లు అక్కడ ముద్దపప్పు ఉడికించాను. మెస్సు ఎత్తేశాక వంటవాడు నూకరాజు చేతిలో పడ్డాను. నూకరాజుది తుని. మనవాళ్లకు యూరప్ చూపించే టూరు కంపెనీలో వంట మేస్త్రీ. నవ్వకండి. మనవాళ్లు కోటలు చూడ్డానికి సముద్రాలు దాటుతారు గానీ, సాయంత్రానికి ఇంత చారన్నం పడకపోతే ఆ కోట కట్టినవాణ్ణి కూడా తిట్టిపోస్తారు. అందుకే బస్సు వెనక వంటవాడు, వంటవాడి వెనక నేను.

అలా ప్రాగ్ నగరానికి ఐదుసార్లు వెళ్లాను. చూసిందేమిటయ్యా అంటే హోటల్ వంటింట్లో తెల్ల పెంకుల గోడ! నూకరాజు భాగ్యమూ అంతే. టూరువాళ్లు వంతెన మీద ఫొటోలు దిగుతుంటే మేము ఉల్లిపాయలతో కుస్తీ పట్టేవాళ్లం. ఆకలేసినప్పుడు తప్ప మేమెవరికీ గుర్తొచ్చేవాళ్లం కాదు.

ఆరోసారి బృందంలో హైదరాబాదు నుంచి సుభద్రమ్మగారని డెబ్బై నాలుగేళ్ల పెద్దావిడ వచ్చారు. ఆవిడ భర్త నరసింగరావుగారు పెళ్లికి ముందు ఇంజనీరు శిక్షణకు ఆ ఊరొచ్చి ఏడాదిన్నర ఉన్నారట. పెళ్లయ్యాక ఆయనది యాభై ఏళ్లు ఒకటే పాట, అక్కడ తిన్న ఆల్‌బుఖారా కుడుములు. పండుని బంగాళాదుంప పిండిలో పెట్టి మూసి, ఉడికించి, పైన వెన్నా పంచదారా గసగసాలూ వేస్తారు. ఆవిడ అడిగి తెలుసుకుని ప్రతి ఎండాకాలం చేసి పెట్టేవారు. ఆయన శుభ్రంగా తిని, మూతి తుడుచుకుని, "బాగుంది గానీ, అది కాదు సుభద్రా" అనేవారట. కిందటేడు ఆయన కాలం చేశారు.

బృందమంతా షాపింగుకు పోయిన మధ్యాహ్నం ఆవిడ వంటింట్లోకి వచ్చి, కిలో పళ్లు బల్ల మీద పెట్టారు.

"నా చేతిలో లోపమేమిటో తెలుసుకోకుండా వెళ్లను నూకరాజూ. ఇక్కడ ఎవర్నడిగినా పిండిలో గుడ్డు కొడతామంటున్నారు. నేనది ముట్టను. రేపు పొద్దున్నే బస్సు. ఇక నువ్వే దిక్కు."

"అయ్యో, అంత మాటెందుకండి అమ్మగారూ! చేసేద్దారండి, ఎంతసేపండి!"

ఆ వంటింట్లో మిలాదా అని అక్కడి వంటావిడ ఉండేది. ఆమెకీ నూకరాజుకీ మధ్య అన్నీ సైగలే. ఆమె గుడ్డు తీయగానే మావాడు చేతులు రెక్కల్లా ఆడించి, కొక్కొక్కో అని, వద్దు తల్లీ అన్నట్టు దండం పెట్టాడు. ఆమె కడుపుబ్బ నవ్వి, గుడ్డు దాచేసి, అది లేకున్నా రుచి అదేనన్నట్టు తలూపి గుప్పెడు రవ్వ వేసింది. కుడుములు ఎలా చుట్టాలో చూపించి, ఏదో పని మీద బయటికెళ్లింది.

అక్కడే మా బుద్ధి బయటపడింది. కుడుము అనగానే నూకరాజుకు ఆవిరి తప్ప ఇంకో ఆలోచన రాలేదు. పది కుడుములు నాలో పడేసి, మూత బిగించి, మూడు విజిల్స్ రానిచ్చాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా, గొంతు చించుకుని కూశాను. మూత తీస్తే ఏముంది? ఎర్రటి గుజ్జు, అందులో గింజలు.

సుభద్రమ్మగారు స్టూలు మీద కూలబడిపోయారు. నూకరాజు నెత్తి కొట్టుకున్నాడు. నాకైతే సిగ్గుతో చచ్చినంత పనైంది.

మిలాదా తిరిగొచ్చి నాలోకి తొంగిచూసి పకపకా నవ్వింది. పెద్దావిడ ముఖం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. నన్ను కడిగి, మూత అవతల పెట్టి, నీళ్లు మరిగించి, మిగిలిన పళ్లతో చుట్టిన ఆరు కుడుముల్ని ఒక్కొక్కటే వదిలింది. మూత లేకుండా, కూత లేకుండా పనిచేయడం నాకదే మొదలు. అరవకపోయినా వంటవుతుందని పెద్దతనంలో తెలిసొచ్చింది. కాసేపటికి ఆరూ పైకి తేలాయి.

ఆవిడ అక్కడ తినలేదు. "ఆయన నది ఒడ్డున కూర్చుని తినేవారట. అక్కడికే పోదాం. నువ్వూ రా."

"రాత్రి వంటుందండి..."

"ఒక్క పూట ఆలస్యమైతే కొంపలేం మునిగిపోవు. పద!"

నీళ్లు వంచేసి, పైన వెన్నా పంచదారా గసగసాలూ వేసి, వేడి ఆరకుండా కుడుముల్ని నాలోనే ఉంచి, తువ్వాలు చుట్టి, సంచిలో పెట్టుకుని నూకరాజు బయల్దేరాడు. అమ్మబాబోయ్! అటూ ఇటూ నల్లబడ్డ రాతి విగ్రహాలతో పాత వంతెన, కొండ మీద కోట, నీళ్లలో హంసలు. నూకరాజు నోరెళ్లబెట్టాడు. "ఇంతుందాండి ఈ ఊళ్లో!" అన్నాడు. వాడి కోసం నాకు ప్రాణం ఉసూరుమంది.

బెంచీ మీద కూర్చుని ఆవిడ కుడుము తుంచి నోట్లో పెట్టుకున్నారు. మెల్లగా నమిలారు. ఇంకో ముక్క తుంచారు.

"ఏటండి తేడా?" అన్నాడు నూకరాజు, ఉండబట్టలేక.

"ఏం లేదు. అచ్చం నేను చేసిందే ఇది." అన్నారావిడ. "లోపం నా చేతిలో లేదు నాయనా. ఇక్కడ తిన్నప్పుడు ఆయనకి ఇరవై మూడేళ్లు. అది నేనెక్కణ్ణుంచి తెచ్చి వేసేదాన్ని?"

అని భోరున ఏడ్చారు. ఏడుస్తూనే నూకరాజుకు కొసరి కొసరి వడ్డించారు. నేను ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ అక్కణ్ణుంచి లేవలేదు.