రాళ్లవాగు తొమ్మిది

పుల్లలచెరువు అవతల ఒక ఊరు, దానికి తొమ్మిది వాడలు. ఎండాకాలం అన్నిటికీ కలిపి ఒకే ట్యాంకరు. ఏ వాడకు ఏ రోజు నీళ్లో పెద్దమనుషులు చీట్లు వేసి తేల్చారు. దాన్ని కంప్యూటరులో పెట్టే పని ఏబేలు మీద పడింది. మార్కాపురంలో కంప్యూటరు పాఠాలు చెప్పుకునే అతనిది ఆ ఊళ్లో కొత్తపాలెం వాడ.

వాడకొక చిన్న ఫైలు రాశాడు. మాడ్యూల్ అంటారు దాన్ని. రేపు దాన్ని నడిపేది ట్యాంకరు చూసుకునే జీవరత్నం, అతనికి తెలుగు చదువే వచ్చు. అందుకని పేర్లు తెలుగులో పెట్టాడు. ఫైలు లోపలి తెలుగు మాటలన్నీ కంప్యూటరు ఒప్పుకుంది. ఫైలునే తెలుగు పేరుతో పిలిస్తే, కళ్లెదుట పెట్టుకుని, అట్లాంటిది లేదంది. ఆ ప్రోగ్రాం భాష తయారుచేసేవాళ్లకు రాశాడు. మూడు వారాలకు జవాబొచ్చింది: మాడ్యూల్ పేర్లకు ఇంకా ఆ వీలు లేదు, ఇంగ్లీషు అక్షరాలు వాడుకోండి, ఆలోచిస్తాం.

విసిగిపోయి నంబర్లు వేశాడు. అంకెలైతే జీవరత్నం చదువుతాడు. తనకు తెలిసిన వాడ ముందు రాశాడు కాబట్టి కొత్తపాలెం ఒకటయింది. ఆఖరున రాసిన రాళ్లవాగు తొమ్మిది. ఏ వాడకు ఏ రోజో కంప్యూటరు తీసిచ్చిన కాగితాన్ని జీవరత్నం నంబర్లతో సహా ట్యాంకరు షెడ్డు గోడకు అంటించాడు.

ఆ ఊళ్లో బిందె మీద సున్నంతో అంకె వేసి వరసలో పెడతారు. అంకె ఉందంటే అది వంతే.

ఆదివారం ఏబేలు బస్సు దిగేసరికి రాళ్లవాగు ఆడవాళ్లు షెడ్డు ముందు బిందెలు దారికి అడ్డంగా పెట్టి కూర్చున్నారు. ఈ లెక్క మార్చేదాకా ట్యాంకరు కదలదన్నారు. జీవరత్నం తల వంచుకుని నిలబడ్డాడు. చీట్ల మాట పోతే మళ్లీ మునుపట్లా నీళ్ల కోసం తలలు పగిలే రోజులే.

“మీ వాడకు ఒకటి, మాకు తొమ్మిదా నాయనా? గుళ్లో బైబిలు వాక్యం చదివేవాడివి,” అంది వాళ్లలో పెద్దామె ఎలీషబా. గొంతు పెంచలేదు.

“అది వంతు కాదత్తా. ఆ మిషనుకు మన వాడల పేర్లు పట్టవు. అందుకని గుర్తు పెట్టినా.”

“మీ పేరు కూడా పట్టలేదా? మరి దానికి ఒకటి ఎట్ల దొరికింది?”

ఏబేలు నేరుగా ఇంటికి నడిచాడు. అన్నం ముట్టకుండా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. లోపలి పేర్లు చెల్లుతాయి కదా అని తొమ్మిదింటినీ ఒకే ఫైలులో కలిపేశాడు. నంబర్లు పోయాయి, తెలుగు పేర్లు నిలిచాయి. ఇక ఏ వాడలో ఒక రోజు మారినా అంత పొడుగు ఫైలూ తవ్వుకోవాల్సిందే, ప్రతి వారం. వీపు పట్టేసింది.

పొద్దు వాలేవేళ కొత్త కాగితం తీసుకుపోయి తనే గోడకు అంటించాడు. ఎలీషబా కళ్లు చికిలించి పైనుంచి కిందిదాకా వేలు పెట్టి అంకెల కోసం చూసింది.

“ఇప్పుడు మాకు ఏ రోజు?”

“మంగళవారం.”

“ముందు కాగితంలో?”

“అప్పుడూ మంగళవారమే అత్తా.”

 ఆమె వంగి బిందె చంకకెత్తుకుంది. “ఈ ముక్క పొద్దునే చెప్పకపోయినావా,” అని దారి విడిచింది.