పదిహేను మాటలు

అక్క అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేది. చెల్లెలు దర్జీ దుకాణంలో కాజాలు కుట్టేది. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. ఒకే వాటాలో ఉండేవారు.

వయసు పెరిగేకొద్దీ స్వభావానికీ తెలివికీ సంబంధం ఎలా మారుతుందో చూసే పరిశోధన ఒకదానికి, ముప్ఫయ్యేళ్ళకు అటూ ఇటూగా ఉన్నప్పుడు ఇద్దరూ పేర్లిచ్చారు. ఏడేళ్ళకోసారి పిలిచేవారు. పదిహేను మాటలు చదివి, అరగంట తర్వాత ఒప్పజెప్పమనేవారు. ఆపైన ప్రశ్నలు: కొత్త సంగతులంటే ఇష్టమేనా? చిన్నదానికే బెంగపడతారా?

మొదటిసారి అక్క పద్నాలుగు చెప్పింది. చెల్లెలికి గడియారం చూస్తేనే గుండెదడ; అయిదు దగ్గరే ఆగిపోయింది. ఇక ఇంటికి ఎవరొచ్చినా అక్క ఆ అయిదు సంగతే ఎత్తేది.

"దేవుడు దీనికి చేతులిచ్చి బుర్ర ఇవ్వడం మరిచిపోయాడు."

అందరూ నవ్వేవారు. చెల్లెలూ నవ్వేది.

ఉద్యోగం మానాక అక్క, తనకు తెలియనిదేముందని, పత్రిక తిరగెయ్యడం కూడా మానేసింది. చెల్లెలు కొలతల పుస్తకం వెనక పేజీల్లో పరాయి భాష అక్షరాలు దిద్దుకుంది, చదరంగం నేర్చింది. దుకాణం తన చేతికొచ్చాక బెంగా తగ్గింది.

ఆరోసారి పిలిచినప్పుడు చెల్లెలు పన్నెండు చెప్పింది. అక్క నాలుగు.

పరీక్ష పెట్టినావిడ చెల్లెల్ని పక్కకు పిలిచి, అక్కను వైద్యుడికి చూపించమంది. ఇంట్లో మాత్రం ఇలాంటి పరీక్షలు పెట్టి కంగారు పెట్టొద్దని మరీ మరీ చెప్పింది.

మర్నాడే చెల్లెలు హాల్లో కుర్చీ వేసి అక్కను కూర్చోబెట్టి, పదిహేను మాటలు చదివింది. వైద్యుడే చెయ్యమన్నాడని చుట్టాలకు చెప్పి, వాళ్ళ ముందూ చేయించేది.

"కిటికీ... నిచ్చెన..." అక్క చీర కొంగు నలిపేది.

"తర్వాత?"

ఒకరోజు మేనకోడలు ఉండబట్టలేక, "ఇక చాలత్తా," అంది.

"అప్పుడు నువ్వూ నవ్వినదానివేగా," అంది చెల్లెలు.

మేనకోడలు మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

కొన్నాళ్ళకు అక్క అడిగింది: "నేనేం చేశానే నిన్ను?"

చెల్లెలు సూది పక్కన పెట్టి, ముప్ఫయ్ అయిదేళ్ళ మాటలూ పూసగుచ్చినట్టు చెప్పింది. అక్క విని కుమిలి కుమిలి ఏడ్చింది. చెల్లెలి చేతులు పట్టుకుని క్షమించమంది. చెల్లెలు చేతులు విడిపించుకుని మళ్ళీ సూది అందుకుంది.

తెల్లారేసరికి అక్కకు అదేదీ గుర్తులేదు. చెల్లెలు మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. అక్క మళ్ళీ అప్పుడే విన్నట్టు ఏడ్చింది.

అప్పటినుంచీ రోజూ అంతే. ఏడుపు ఆగాక చెల్లెలు తడిగుడ్డతో అక్క మొహం తుడిచి, తలుపు దగ్గరగా వేసి, దుకాణానికి వెళ్ళేది.