మత్తడికి అడ్డంగా

నేను ఒక ఇనుప ఊచల చట్రాన్ని. అడ్డుకోవడం నా వృత్తి. అందుకు నేనెన్నడూ సిగ్గుపడలేదు. నన్ను ఆ పనికి నియోగించిన మనుషులు సిగ్గుపడగా కూడా చూడలేదు.

జిల్లా కేంద్రంలోని ఒక సినిమాహాలు వారు టిక్కెట్ల వరుసకు తలుపుగా నన్ను చేయించారు. "చెయ్యి దూరాలె, తల దూరొద్దు" అని యజమాని ఆజ్ఞాపించగా, వెల్డింగ్ పనివాడు ఊచల మధ్య సరిగ్గా అంతే ఎడం ఉంచాడు. ఒక కథానాయకుడిని తెరమీద చూడడం కోసం ఒకరినొకరు తొక్కుకునే జాతిని నేను అక్కడ ఏళ్ల తరబడి ముఖాముఖిగా చూశాను. వారి చెమట నా రంగును తినివేసింది. వారిపై నాకు ఏర్పడిన అభిప్రాయాన్ని మార్చుకోవలసిన అవసరం ఆ తరువాత ఎన్నడూ కలగలేదు.

హాలును కూలగొట్టినప్పుడు దుబ్బగూడెం మత్స్య సహకార సంఘం అధ్యక్షుడు బుచ్చిరాములు నన్ను ట్రాక్టరు మీద తన ఊరికి తీసుకుపోయాడు. ఆ ఊరి చెరువు నిండితే, మిగులు నీరు కట్ట చివరనున్న ఇరుకైన రాతి మత్తడి మీదుగా పొర్లి, దిగువనున్న మొగిలిపాక చెరువులోకి పోతుంది. నీటితోపాటు చేపలూ పోతాయి. చేపపిల్లలను తెచ్చి వదిలి పెంచేది దుబ్బగూడెం వారు; పెద్ద వాన పడిన సంవత్సరం వల వేసి పట్టుకునేది మొగిలిపాక వారు. చేపకు ఊరి పొలిమేర తెలియదు. ఆ సంగతి తెలియనిది మనుషులకే.

మొగిలిపాక సంఘానికి పెద్ద గట్టయ్య. ఆయన బుచ్చిరాములుకు స్వయానా బావ, అక్క రాజవ్వ భర్త. ఒక పెళ్లి విందులో ఆయనే గిన్నె పట్టుకొని వచ్చి, బామ్మర్ది విస్తట్లో పెద్ద రవ్వచేప ముక్క వేసి, పంక్తి అంతా వినేటట్టు అన్నాడట:

"తిను బామ్మర్ది, మీ చేపనే. మీరు పెంచి పంపిన్రు, మేము పొలుసు తీసినం. ఉప్పు సరిపోయిందో లేదో చెప్పు."

పంక్తి అంతా నవ్వింది. బుచ్చిరాములు విస్తరి ముందునుంచి లేచిపోయాడు. నన్ను కొన్నది ఆ అవమానానికి బదులుగానే. మత్తడికి అడ్డంగా నిలబెట్టి, ఇరువైపులా సిమెంటు పోసి బిగించారు. కొబ్బరికాయ కూడా కొట్టారు. మనిషి తన పగకు పూజ చేసుకోవడం నేను చూడడం అదే మొదలు.

అయితే చెయ్యి దూరే సందులో చేపపిల్ల కూడా దూరుతుంది. ఆ సంగతి గ్రహించిన బుచ్చిరాములు, ఇంటింటికీ తిరిగి దోమతెరలు అడిగి తెచ్చి నా ముందు కట్టించాడు. కట్టుతున్న ఓదేలు, సంఘంలోకెల్లా వయసు మీరినవాడు, సణిగాడు.

"రాములూ, ఇండ్లల్ల పోరగాండ్లను దోమలు కుడుతున్నయ్."

"దోమ నెత్తురు తాగుతది, మా బావ ఇజ్జతు తాగుతడు. ముందుగాల ఏది ఆపాలె?"

ఓదేలు తరువాతి ముడి బిగించాడు. దుబ్బగూడెంలో ఇటువంటి వాదానికి సమాధానం ఉండదు.

ఆ వానాకాలం ముసురు విడవలేదు. కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క, తుమ్మకొమ్మలు, ఎవరో పారేసిన చెప్పులు, అన్నీ దోమతెరకు అతుక్కున్నాయి. నేను ఊచల చట్రాన్నన్న మాటే కాని, అప్పటికి గోడనయ్యాను. నీరు పోయే దారి లేక చెరువు పైకి లేచింది. కట్ట దిగువ వైపు మొదట చెమర్చింది. పిమ్మట బురదనీరు కారసాగింది. కట్ట తెగితే ముందుగా మునిగేది మొగిలిపాక. ఈ సంగతి చెరువుగట్టున నిలబడిన ప్రతి ఒక్కరికీ తెలుసు. నన్ను తీసివేస్తే ఒక సంవత్సరం చేప మొత్తం బావ చెరువులో పడుతుందన్నదీ తెలుసు. బుచ్చిరాములు ఆకాశం వంక చూస్తూ, "వాన తగ్గుతది తియ్యి" అంటున్నాడు. ఆకాశం ఆయన సంఘంలో సభ్యురాలు కాదు.

మధ్యాహ్నానికి గట్టయ్య, రాజవ్వ కట్టమీదుగా తడుస్తూ వచ్చారు.

"బామ్మర్ది, తడిక తియ్యి. ఊరు పోతది."

"తీస్తే చేప పోతది. నువ్వు ఇంకో పెండ్లిల వడ్డిస్తవు."

గట్టయ్య తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు. "గంగమ్మ తోడు. కిందికొచ్చిన చేప మీద మా ఊరి వల పడదు. ఎండకాలం మీరే వచ్చి పట్టుకోండ్రి."

"నీ ఒట్టు నీటి మీది రాత."

రాజవ్వ వారిద్దరితోనూ మాట్లాడలేదు. మెట్లు దిగి, నా కిందనున్న రాతిబండ మీద, కట్ట తెగితే నీరు మొట్టమొదట దూకే చోట, కూర్చుంది.

"అక్కా, లే."

"ఏడికి పోవాలెరా? నా ఇల్లు గూడ గీ నీళ్ల తొవ్వలనే ఉన్నది. ఆడ మునిగేది ఈడనే మునుగుత. నువ్వు నీ చేపలు కాసుకో."

బుచ్చిరాములు కొడవలి తీసుకొని నా దిగువ అంచున నిలబడి, ఊచల సందులోంచి దోమతెర కోయసాగాడు. ఓదేలు రాజవ్వను రెక్క పట్టి పక్కకు లాగాడు. దోమతెర చిరిగింది. ఆగిన నీరంతా ఒక్కసారిగా నామీద పడడంతో సిమెంటుతో సహా ఊడివచ్చి, బుచ్చిరాములు పాదం మీద పడ్డాను. ప్రమాదవశాత్తు జరిగిందని అందరూ అన్నారు. నేను ఏమీ అనలేదు.

వరద నన్ను ఈడ్చుకుపోయి మొగిలిపాక చెరువులో పడవేసింది. చేపలు నన్ను దాటి వచ్చాయి. కట్ట నిలిచింది, ఊరు నిలిచింది. సినిమా కథ అయితే ఇక్కడ ఆలింగనాలతో ముగియవలసింది. కాని వీరు మనుషులు.

వేసవి వచ్చి, చెరువు కుదించుకుపోయింది. ఒట్టు పెట్టిన మొగిలిపాక వారు వల ముట్టలేదు. దుబ్బగూడెం వారికి కబురు వెళితే, బుచ్చిరాములు "వాడు పెడితే తినేటోన్ని కాను" అన్నాడు. అధ్యక్షుడు కదలనిదే సంఘం కదలదు. నీరు మోకాటి లోతుకు, పిమ్మట పిక్కల లోతుకు దిగింది. రవ్వలు, బొచ్చెలు నా చుట్టూ మిగిలిన మడుగులో వీపులు బయటపెట్టి కొట్టుకున్నాయి. కొంగలు దిగాయి. రెండు ఊళ్ల మగవారు రెండు గట్లమీద నిలబడి, చేపలు చావడాన్ని కాక, ఎదుటివారు ముందు దిగుతారేమోనని చూశారు. గౌరవమనే వస్తువును వీరు ఎంత శ్రద్ధగా కాపలా కాస్తారో చూస్తే నాకు ఇనుము మీద కూడా నమ్మకం పోయింది.

అప్పుడు రాజవ్వ చీర ఎగదోపి, గంప పట్టుకొని బురదలోకి దిగింది. ఆ ఊళ్లలో ఆడవారు చేపలు అమ్ముతారు గాని చెరువులో పట్టరు. గట్టయ్య గట్టుమీదినుంచి అరిచాడు.

"ఒట్టు పెట్టిన, మరిచినవా?"

"నీ ఒట్టు వల మీద. వల మొగోళ్లది. నా చేతిల ఉన్నది గంప."

ఎదుటి గట్టున చేతికర్రతో నిలబడిన బుచ్చిరాములు ఒక అడుగు వేశాడు. "అక్కా, ఆగు. నేనొస్త."

"నువ్వేడికొస్తవురా కుంటుకుంట? నీకు కాలు అడ్డం, మీ బావకు ఒట్టు అడ్డం. ఆడనే కూసోండ్రి ఇద్దరు."

మగవారిలోనే ఎవరో నవ్వారు. దుబ్బగూడెం ఆడవారు గంపలు తెచ్చారు. మొగిలిపాక ఆడవారూ దిగారు. సాయంత్రానికి మడుగు ఖాళీ అయింది. గంపలు రెండు గట్లకూ సమంగా చేరాయి. ఏ మగవాడూ కృతజ్ఞత చెప్పలేదు. అందరూ తిన్నారు.

అంగడికి పోగా మిగిలిన చేపలను చీల్చి, ఉప్పు పట్టించి, ఎండబెట్టడానికి రాజవ్వకు చోటు కావలసివచ్చింది. నన్ను బురదలోనుంచి లాగించి, నాలుగు రాళ్లమీద పడుకోబెట్టింది. ఇప్పుడు నా ఊచలమీద చేపలు వరుసగా ఎండుతున్నాయి. ఒక్కటీ దాటిపోవడం లేదు. నా వృత్తిలో ఇది నాకు దక్కిన తొలి సంపూర్ణ విజయం. అందుకోసం అవి చచ్చి ఉండవలసివచ్చింది.