ఆరు గంటల హాజరు

తాళాలు బాగుచేసే ఆయన పొద్దున్న ఆరు కాగానే ఐదుగురికి ఫోన్ చేస్తాడు. ఏడేళ్లుగా ఒక్కరోజు తప్పలేదు. ఒళ్లు కాలిపోయే జ్వరంలోనూ చేశాడు. కూతురి పెళ్లినాడు ఇంటినిండా చుట్టాలుంటే మెట్ల కింద నక్కి మరీ చేశాడు. అవతలివాళ్లు అనాల్సింది ఒకటే మాట, "ఉన్నా" అని. కుశలప్రశ్నలు లేవు, తిన్నావా పడుకున్నావా లేదు. ఉన్నా అంటే ఉన్నట్టే, పెట్టేయడమే. మూడు నిమిషాల్లో అందరి హాజరూ అయిపోతుంది.

వీళ్లంతా ఒకప్పుడు సైన్యంలో ఒకే దళంలో పనిచేసి, ఒకే యుద్ధం చూసి వచ్చినవాళ్లు. ఒకడు డ్రైవరు. అప్పుడు సైన్యం లారీలు నడిపేవాడు. ఇప్పుడు స్టీరింగు పట్టుకుంటే చేతులు వణుకుతాయి కాబట్టి నడపడు, షెడ్డు పెట్టుకుని బాగుచేస్తాడు. ఒకడు వంటాయన. ఇంకొకడు వైర్‌లెస్ సెట్టు మోసినవాడు, అందరూ రేడియో అంటారు. మిగతా ఇద్దరూ వేరే ఊళ్లో ఉంటారు, వాళ్లతో మనకి పనిలేదు.

ఆదివారం ఆదివారం తాళాల కొట్టు వెనకగదిలో కలుస్తారు. తలుపుకి వీపు పెట్టి కూర్చోవడం వీళ్లలో ఒక్కడి వల్లా కాదు. అందుకని కుర్చీలన్నీ ఒకే గోడకి ఆనించి వరసగా ఉంటాయి, అందరూ తలుపుకేసే చూస్తూ మాట్లాడుకుంటారు. కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినతను ఒకసారి ఉద్యోగానికి ఇంటర్వ్యూ జరుగుతోందనుకుని నమస్కారం పెట్టి వెనక్కి వెళ్లిపోయాడు. ఆ గదిలో కలలు చెప్పుకుంటారు, మాత్రలు పోల్చుకుంటారు, డాక్టరమ్మ చెప్పినవాటిలో ఏది పనిచేసిందో ఏది చెయ్యలేదో చెప్పుకుంటారు. ఎవరు ఏడ్చినా మిగతావాళ్లు గోడకేసి చూస్తూ కూర్చుంటారు, అదీ మర్యాద.

ఈ హాజరు ఎందుకంటే, చిన్నోడి వల్ల. దళంలో అందరికన్నా చిన్నవాడు. ఇంటికి తిరిగొచ్చిన ఏడాదికి తన ప్రాణం తనే తీసుకున్నాడు. ఇది జరిగి ఏడేళ్లు. అందరికీ తెలిసిన సంగతే.

ఎవరికీ తెలియనిది ఒకటుంది. ఆ పొద్దున ఆరూ ఇరవైకి తాళాలాయన గడ్డం గీసుకుంటుంటే అద్దం పక్కన ఫోన్ మోగింది. చిన్నోడి పేరు కనిపించింది. వాడు మాట మొదలెడితే గంట. నురగ ఆరిపోతుంది, గీసుకున్నాక చేద్దాంలే అనుకున్నాడు. గీసుకున్నాడు. కొట్టు తెరిచాడు, మర్చిపోయాడు. మధ్యాహ్నం కబురొచ్చింది. వారం తిరక్కుండా ఆ ఫోన్ కాలవలో పారేసి, నీళ్లలో జారిపడిందని ఇంట్లో చెప్పాడు. ఆదివారాలన్నీ అందరి గోడూ విన్నాడు గానీ తనది మాత్రం కడుపులోనే పెట్టుకున్నాడు. చెబితే ఇక తన మొహం ఎవరూ చూడరని ఆయన నమ్మకం.

అలాంటి మనిషికి, మొన్నొక బుధవారం పొద్దున్న ఆరింటికి, డ్రైవరు ఫోన్ ఎత్తలేదు.

మోగి ఎత్తకపోవడం కూడా కాదు, ఫోన్ ఆపేసి ఉంది. డ్రైవరంటే మొదటి గంట పూర్తిగా మోగకుండానే "ఉన్నా" అనేవాడు. ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చుంటాడా వీడు అని అందరూ వేళాకోళం చేసేవాళ్లు. తాళాలాయన మూడుసార్లు చేశాడు. వంటాయనకీ రేడియోకీ మాత్రం ఫోన్ చేసి, డ్రైవరింటికి రండి అని ఒక్కమాట చెప్పాడు. పనిముట్ల సంచి భుజాన వేసుకుని, బనీను మీదే స్కూటరెక్కాడు.

డ్రైవరిల్లు సందు చివర. గుమ్మం ముందు పాలపాకెట్టు అలాగే పడి ఉంది. కిటికీలకి తెరలు దించి ఉన్నాయి. వెనకాలే వంటాయనా, రేడియో కూడా వచ్చారు. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు.

వేరేవాళ్లయితే తలుపు దబదబా బాదేవారు. వీళ్లకది చేతకాదు. తలుపు బాదకూడదన్నది వీళ్లు పెట్టుకున్న మొట్టమొదటి నియమం. ఆ చప్పుడుకి లోపలి మనిషి ఏ లోకంలోకి వెళ్లిపోతాడో వీళ్లకి బాగా తెలుసు. పడుకున్నవాణ్ని ముట్టుకోకూడదు, వెనకనించి పిలవకూడదు. అందుచేత, ఒక మనిషి బతికున్నాడో లేదో చూడ్డానికి వచ్చిన ముగ్గురు పెద్దమనుషులు చెప్పులు విప్పేసి, పిల్లుల్లా నడిచి, రేడియో పెరటివైపూ వంటాయన కిటికీ దగ్గరా కాపు కాశారు. తాళాలాయన గుమ్మం ముందు మోకాళ్ల మీద కూర్చుని తాళంలో ఊచ పెట్టాడు. ఎదురింటావిడ మొక్కలకి నీళ్లు పోస్తూ ఇదంతా చూసి, చెంబు అక్కడే వదిలేసి లోపలికి పోయి గడియ పెట్టుకుంది.

ఆ తాళం తాళాలాయన బిగించిందే. "నువ్వు కూడా తీయలేనంత గట్టిది వెయ్యన్నా" అని డ్రైవరు అడిగితే అలాంటిదే వేశాడు. ఇప్పుడది రాలేదు. చేతులు చెమటపట్టి ఊచ రెండుసార్లు జారింది. ఇన్నేళ్ల పనితనం ఆ రెండు నిమిషాల్లో ఎందుకూ కొరగాకుండా పోయింది. దేవుడా, వీణ్ని కూడానా అనుకున్నాడు.

మూడోసారి ఊచ పెడుతుంటే తలుపు లోపలినించే తెరుచుకుంది. డ్రైవరు భార్య నిలబడి ఉంది. బళ్లో టీచరు. చెదిరిన జుట్టు, చెంప మీద దిండు గీతలు. పెదవుల మీద వేలు పెట్టి, క్లాసులో గొడవచేసే పిల్లల్ని చూసినట్టు ముగ్గుర్నీ చూసింది.

"అన్నయ్యగారూ, మా ఇంటి తాళం ఎందుకు తీస్తున్నారు?" అంది గుసగుసగా.

"వాడేడమ్మా?"

"పడుకున్నారు."

తాళాలాయనకి అర్థం కాలేదు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి పడగ్గది తలుపు జానెడు తెరిచింది. డ్రైవరు నోరు తెరుచుకుని, ఒక కాలు మంచం బయటికి వేలాడేసి, గుర్రు పెడుతున్నాడు. చీమ చిటుక్కుమంటే లేచి కూర్చునే మనిషి. ఎనిమిదేళ్లలో వరసగా మూడు గంటలు నిద్రపోయింది లేదు. ముగ్గురూ ఆ సందులోంచి, పురిటిబిడ్డని చూడ్డానికి వచ్చినవాళ్లలా, ఒకరి భుజం మీంచి ఒకరు తొంగి చూశారు. రాత్రి తొమ్మిదిన్నర నించీ ఇంతేనట.

తాళాలాయన వంటింట్లోకి వెళ్లి పీట మీద కూలబడి ఏడ్చేశాడు. నెత్తిన పాలు పోసినట్టుంది, అయినా ఏడుపు ఆగలేదు. టీచరు మంచినీళ్లిచ్చి తప్పు ఒప్పుకుంది. హాజరు సంగతి మర్చిపోయి కాదు, గుర్తుండే ఐదింటికి ఫోన్ ఆపేసిందట. అది మోగితే ఆయన లేచిపోతారని. ఆరు కాకముందే తన ఫోన్లోంచి కబురు చేద్దామనుకుని, రెండు నిమిషాలు నడుం వాల్చిందట. ఆవిడకీ సరైన నిద్ర లేక ఎన్నేళ్లో. కునుకు పట్టేసింది.

ఆ తర్వాత వంటింట్లో జరిగిన టీ తతంగం చూడాలి. గ్లాసులో చెంచా తిప్పాలంటే భయం. వంటాయన పంచదార వేలితో కలిపాడు. రేడియోకి ఫిరంగుల మోతలో ఎడమచెవి పూర్తిగా, కుడిచెవి సగం పోయాయి, అందుకని మెల్లగా మాట్లాడటం రాదు. టీచరు ఆయన చేతికో పాత నోటుబుక్కూ పెన్సిలూ ఇచ్చి, ఏమన్నా ఉంటే రాయండి అంది. ఆయన బుద్ధిగా "పంచదార చాలదు" అని రాసి చూపించాడు.

ఎనిమిదిన్నరకి డ్రైవరు లేచాడు. కళ్లు నులుముకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చి, గోడకి వరసగా ఆనుకుని కూర్చున్న ముగ్గుర్నీ చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఎవరు పోయారన్నా?" అన్నాడు.

"నువ్వే," అన్నాడు వంటాయన. "ఇప్పుడే లేచావు."

టీచరు ముందు నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. సంగతి తెలిసి డ్రైవరు సిగ్గుపడ్డాడు, కవాతుకి ఆలస్యంగా వచ్చినవాడిలా క్షమించమని అడిగాడు. తాళాలాయన అదేం పట్టించుకోలేదు. ఏం మాత్ర వేసుకున్నావురా, ఎవరిచ్చారు, నాకూ రాసిపెట్టు అని వెంటపడ్డాడు. ఆయనకి నిజంగానే కావాలి.

మాత్ర కాదన్నాడు డ్రైవరు. రాత్రి భార్య నోటుబుక్కులు దిద్దుకుంటుంటే ఆవిడ ఫోన్ మోగిందట. తర్వాత చేద్దాంలే అని ఆవిడ పక్కకి తోసేసిందట. అంతే, తను గట్టిగా అరిచేశాడు. ఎత్తు, ఎత్తు అని. ఆ అరుపుకి ఆవిడ బెదిరిపోతే, ఇక దాచలేక కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పాడు. చెప్పాక ఒళ్లు తెలియని నిద్ర పట్టింది.

ఆ సంగతేమిటో డ్రైవరు తనంతట తనే గ్లాసులోకి చూస్తూ చెప్పాడు.

"చిన్నోడు పోయిన రోజు నాకు ఫోన్ చేశాడన్నా. నేను ఎత్తలేదు."

"ఎన్నింటికి?" అడిగాడు తాళాలాయన.

"ఆరూ పదికి. బండి కింద ఉన్నా. చేతులనిండా గ్రీజు. కడుక్కుని చేద్దాంలే అనుకున్నా."

తాళాలాయనకి ముందు కోపమొచ్చింది. ఎత్తి ఉంటే ఏం పోయేది, ఎత్తి ఉంటే చిన్నోడు ఉండేవాడు కదా అని నోటిదాకా వచ్చింది. తలెత్తి చూశాడు. ఎదురుగా డ్రైవరు, చెంపల మీద నిద్ర గుర్తులతో, తిట్టినా పడదామన్నట్టు తలొంచుకుని ఉన్నాడు. గ్రీజు చేతుల మనిషిని ఎవరు తప్పుపడతారు? ఇందులో వీడి తప్పేముంది? ఆ మాట డ్రైవరు గురించి అనుకున్నాక, తనని తాను ఏడేళ్లుగా తిట్టుకుంటున్న తిట్టు ఆయనకి నోట రాలేదు.

"నాకూ చేశాడురా," అన్నాడు. "ఆరూ ఇరవైకి. గడ్డం గీసుకుంటున్నాను. చూసి కూడా ఎత్తలేదు."

రేడియోకి మాత్రం వినపడలేదు. ఇప్పుడు డ్రైవరు లేచాడు కాబట్టి పెన్సిలు పక్కన పెట్టేసి, "ఏమన్నాడు? ఏమన్నాడు?" అని వంటాయన్ని పొడిచాడు.

వంటాయన తాళాలాయన మొహంలోకి చూశాడు. చెప్పమని తలూపాడు ఈయన. వంటాయన రేడియో కుడిచెవి దగ్గర నోరు పెట్టి, "చిన్నోడు ఈయనకి కూడా ఫోన్ చేశాడట! ఈయన కూడా ఎత్తలేదట!" అని అరిచాడు. ఎదురింటావిడకి కూడా వినిపించి ఉంటుంది. ఏడేళ్లు భార్యకి సైతం చెప్పకుండా దాచుకున్న మాట వీధిలోకి వెళ్లిపోయింది. మిన్ను విరిగి మీద పడలేదు. ఎవరూ లేచి వెళ్లిపోలేదు.

రేడియో తాళాలాయన మెడ మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కున్నాడు.

"ఇంత మోసుకుంటూ మా హాజరు తీసుకున్నావా రోజూ?" అన్నాడు తన మామూలు గొంతుతో, అంటే ఇల్లదిరేలా. "రేపటినించి నీకు నేను చేస్తా. ఎత్తి, 'ఉన్నా' అను. నువ్వు చెప్పేది నాకెలాగూ వినపడదు. కొంచెం గట్టిగా చెప్పు."

తాళాలాయన నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆయనకే తెలియలేదు. ఒళ్లంతా తేలికైపోయింది. ఆకలి కూడా వేసింది, అంత పొద్దున్నే ఆయనకి ఆకలి వెయ్యక ఎన్నాళ్లో అయింది. రెండు రొట్టెముక్కలు తిని, ఇంటికెళ్లి భార్యకి చెప్పొస్తానని లేచాడు. డ్రైవరు తనూ వస్తానని చొక్కా తొడుక్కున్నాడు.