తిప్పి పెట్టిన ఇరుసు

మా ఆయన పోయి నెల తిరగకముందే ఊరంతా కారణం తేల్చేసింది. ట్రైలర్ చక్రం నట్లు బిగించుకోలేదట. కుడి చక్రం ఊడిపోయి, ఇటుకల బరువుకి ట్రైలర్ ఒరిగి, దాన్ని లాగుతున్న వ్యాన్‌ని, అందులో ఉన్న ఆయన్ని కూడా కాలువలోకి లాక్కుపోయింది.

నమ్మడం తేలికే. ఇంట్లో ఆయన పేరే మతిమరుపు మారాజు. కళ్ళజోడు పెట్టుకునే కళ్ళజోడు వెతుక్కునేవాడు. అత్తయ్య పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళతో అదే మాట. "చిన్నప్పట్నుంచీ అంతే వాడు. చెబితే చెవికెక్కదు." కొడుకు మీద కోపం తెచ్చుకుంటే ఆవిడకి కొంచెం ఊరటగా ఉండేదేమో. నాకు కోపమూ రాలేదు, ఏడుపూ రాలేదు. అన్నం తిన్నానో లేదో ఎంగిలి పళ్ళెం చూస్తేగానీ తెలిసేది కాదు.

కానీ ఒక్కటి తెలుసు. రోజూ పొద్దున్నే, టీ కూడా తాగకుండా, ఆయన చక్రాల దగ్గర గొంతుక్కూర్చుని నట్లు బిగించేవాడు. ఆ మాట చెబితే పెళ్ళాం కదా, వెనకేసుకొస్తోందన్నారు.

ఆ ట్రైలర్ చేసిచ్చింది మా అన్నయ్య. పాత జీపు ఇరుసు ఒకటి సంపాదించి, పైన ఇనప చట్రం వెల్డింగ్ చేశాడు. అంత్యక్రియలయ్యాక మా ఇంటివైపు రాలేదు. ఒక మధ్యాహ్నం నేనే అన్నయ్య వెల్డింగ్ షెడ్డుకి వెళ్ళాను. విరిగిన ట్రైలర్ గోడవారగా పడుంది. అన్నయ్య అలాంటిదే ఇంకో ట్రైలర్‌ని దిమ్మల మీదకెత్తి, కింద పడుకుని ఇరుసు విప్పుతున్నాడు.

"దీనికేమొచ్చింది?" అన్నాను.

"ఏం లేదు. ఇరుసు ఇటుది అటు తిప్పి పెడుతున్నా," అన్నాడు బయటికి రాకుండానే.

నేనూ ఆ షెడ్డులో పెరిగినదాన్నే. ఆ పాత జీపులకి ఎడమవైపు బోల్టుల మర తిరగేసి ఉంటుంది, బండి నడుస్తుంటే నట్లు వదులు కాకుండా. గుర్తుకోసం బోల్టు చివర ఎల్ అని అక్షరం కొట్టి ఉంటుంది. చనిపోయిన మా నాన్న నాకు ఇంగ్లీషు అక్షరాలు మొదలుపెట్టింది దాంతోనే. విరిగిన ట్రైలర్ దగ్గరకెళ్ళి, చక్రం ఊడిన కుడివైపు బోల్టుల మీది గ్రీజు పమిటతో తుడిచాను. ఎల్.

"ఎడమవైపుది కుడివైపుకి ఎలా వచ్చింది అన్నయ్యా?"

బయటికొచ్చి నేలమీదే కూర్చున్నాడు.

"స్ప్రింగులు కూర్చునే పలకలు అటు తిప్పితేనే సరిపోయాయి. కోసి మళ్ళీ అతకడానికి బద్ధకించా. ఇరుసే కదా, ఎటు పెడితే ఏంటిలే అనుకున్నా."

"అంటే నడిచేకొద్దీ..."

"వదులైపోతాయి. బావ అడిగాడు కూడా, రోజూ బిగిస్తున్నా ఎందుకు వదులవుతున్నాయని. నీ చేతిలో సత్తువ లేదు బావా, మా చెల్లిచేత బిగింపించుకో అన్నా. ఇద్దరం నవ్వుకున్నాం."

కోపం రావాల్సిన చోట తిమ్మిరెక్కిన కాలిలా ఉంది నాకు.

"అత్తయ్యతో చెప్పు," అన్నాను.

"చెప్పాక మీ ఇంటికి నన్ను రానిస్తారా?"

"చచ్చిపోయిన మనిషిని రోజూ తిడుతున్నారు అన్నయ్యా."

చేతులు కడుక్కుని నా వెంట వచ్చాడు.

గుమ్మం దగ్గరే నిలబడి మొత్తం చెప్పాడు. ఆ వేళాకోళం మాట కూడా దాచలేదు. అత్తయ్య ఒక్కటే అడిగింది.

"రోజూ బిగించేవాడా?"

"రోజూ అత్తయ్యా," అన్నాను నేను.

"నా బిడ్డని ఎన్నెన్ని మాటలన్నాను," అంటూ ఆవిడ కొంగులో ముఖం దాచుకుంది. ముఖం తుడుచుకుని, అన్నయ్య వైపు చూడకుండా, నాతో అంది. "మీ అన్నని మళ్ళీ ఈ గడప తొక్కొద్దని చెప్పు."

నాకు పుట్టింటివైపు మిగిలింది వాడొక్కడే. ఆవిడ అన్నది అన్యాయమని అనిపించలేదు, అలాగని నా నోటితో అనాలనీ లేదు. అన్నయ్యకి ఆ మాట వినబడింది. అయినా నేను చెప్పేదాకా కదల్లేదు.

"వెళ్ళు అన్నయ్యా," అన్నాను.

మెట్లు దిగి వీధిలోకి నడిచాడు. ఒక్కసారి వెనక్కి చూస్తే పిలుద్దామని గుమ్మంలోనే నిలబడ్డాను. చూడలేదు.