కుప్పలు వేసినవాడి వాటా

ఎసెన్‌బెక్ కత్తి పట్టాడంటే వీధంతా నిశ్చింతగా ఉంటుంది. నగరం చివర, కొండల కింద వెలిసిన ఆ కొత్త కాలనీలో అప్పుడప్పుడు ఇరుగుపొరుగు కలిసి ఒక ఎద్దునో గుర్రాన్నో కొని కోసి పంచుకుంటారు. కోసేది ఎవరైనా కావచ్చు, కుప్పలు వేసేది మాత్రం ఎసెన్‌బెక్కే. ఉన్ని టోపీ వెనక్కి నెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, పక్కటెముక ఇక్కడ, తొడ ముక్క అక్కడ అని సర్దుతూ పోతాడు. ఒక కుప్పలో బొమికలు ఎక్కువైతే దానికి కార్జం ముక్క తోడు వేస్తాడు. అంతా అయ్యాక చూస్తే ఏ కుప్పకీ ఏ కుప్పకీ తేడా ఉండదు.

ఆయనకి అంత ఓపిక ఉండటానికి కారణం పంపకం పద్ధతి. ఒకళ్ళు కుప్పలకి వీపు తిప్పి నిలబడతారు. కుప్పలు వేసినవాడు ఒకదాని మీద వేలు పెట్టి "ఇదెవరిది?" అంటాడు. వీపు తిప్పినవాళ్ళు నోటికొచ్చిన పేరు చెబుతారు. అందరివీ అయిపోయాక మిగిలిన కుప్ప, వేసినవాడిది. తన వాటా ఏదో తెలియనప్పుడు ఎంతటివాడికైనా న్యాయబుద్ధి దానంతటదే పుడుతుంది.

ఆ ఆగస్టులో వీపు తిప్పి నిలబడింది బురుల్. ఎసెన్‌బెక్ డిప్యూటీ హెడ్మాస్టరుగా ఉన్న సర్కారు బళ్ళోనే ఆవిడ టీచరు. మనిషి పొట్టి, నోరు పొడుగు, గొంతు మరీ పెద్దది. పంపకం ముగిసింది. తన వాటా గిన్నెలో వేసుకుంటూ ఆవిడ అంది:

"ఎసెన్‌బెక్ అన్నా, ఎద్దు దగ్గర నువ్వు ఎంత పెద్దమనిషివయ్యా! పిల్లల దగ్గరే ఏదో అవుతుంది నీకు."

"ఏమవుతుంది?" అన్నాడు ఎసెన్‌బెక్ కత్తి తుడుస్తూ.

"ఒకటో తరగతి పిల్లల్ని నాలుగు కుప్పలు వేసేది నువ్వే, ఏది ఎవరిదో చెప్పేదీ నువ్వే. అక్కడ వీపు తిప్పేవాళ్ళు లేరు. మెత్తటి మాంసమంతా ఎ సెక్షన్‌కి, బొమికలన్నీ నా డి సెక్షన్‌కి."

వీధంతా ఘొల్లుమంది. నవ్వినవాళ్ళలో సగం మందికి డి సెక్షన్‌లో చదివిన పిల్లలున్నారు.

బురుల్ అబద్ధం చెప్పలేదు. ఎ సెక్షన్‌ది మేడమీద ఎండ పడే గది, ఉదయం పూట చదువు, పేరున్న టీచరు. డి సెక్షన్‌ది బాయిలర్ పక్క గది. ఒక కిటికీకి అద్దం లేక చెక్క కొట్టి ఉంటుంది. చదువు మధ్యాహ్నం మొదలై, చలికాలంలో చీకటి పడ్డాక ముగుస్తుంది. ఫలానా వాళ్ళు ఎ లో, ఫలానా వాళ్ళు డి లో అని ఎక్కడా రాసి లేదు. కానీ పోలీసాయన పిల్లలు, మందుల షాపు వాళ్ళ పిల్లలు ఎలాగో ఎ లోనే తేలతారు. దక్షిణాన కొండల నుంచి వలస వచ్చి, బజార్లో బండ్లు తోసుకుంటూ అద్దె గదుల్లో ఉండేవాళ్ళ పిల్లలు ఎలాగో డి లోనే తేలతారు. ఎసెన్‌బెక్ దీన్ని "సర్దుబాటు" అనేవాడు. అనీ అనీ ఆ మాట తనే నమ్మాడు.

అందరూ నవ్వుతుంటే ఆయనకి రోషం ముంచుకొచ్చింది. పొట్టలో ఉన్న కుమిస్, అంటే పులిసిన గుర్రప్పాల మత్తు, కూడా కాస్త సాయం చేసింది.

"ఈసారి పిల్లల్ని కూడా ఇలాగే పంచుతా! స్కూలు వాకిట్లో, అందరి ముందూ! చాలా?" అన్నాడు కత్తి పైకెత్తి.

"చాలు. ఇంతమంది విన్నాం" అంది బురుల్, గిన్నె చంకన పెట్టుకుని.

ఇంటికొచ్చి ఈ సంగతి గొప్పగా చెప్పుకుంటుంటే ఆయన భార్య సైరకన్ చేతిలో అట్లకాడ అలాగే ఆగిపోయింది.

"ముసలాయనా, ఈ ఏడు ఒకటో తరగతిలో ఎవరెవరు చేరుతున్నారో కాస్త చెప్పు."

"చాలామంది."

"ఆ చాలామందిలో నీ మనవరాలు ఉందా, లేదా?"

కుందుజ్! నిన్నటిదాకా గొర్రెపిల్ల వెంట పరిగెత్తిన పిల్ల. దానికి బడి వయసు వచ్చిందన్న మాటే ఆయన బుర్రకెక్కలేదు. పక్క గదిలో ఆ పిల్ల తెల్ల రిబ్బను జడకి కట్టుకుని అద్దంలో తన బోసి ముందుపళ్ళు చూసుకుంటోంది.

"డి సెక్షన్ పడితే ఏం చేస్తావు? ఆ చెక్క కిటికీ పక్కన కూర్చోబెడతావా నా బంగారాన్ని?"

"మాట ఇచ్చేశాను."

"ఇచ్చినవాడివి నువ్వేగా. దారి కూడా నువ్వే వెతుకు."

వెతికాడు. చెప్పుకోడానికి సిగ్గుపడవలసిన దారే దొరికింది. సైరకన్ ముక్కుసూటి మనిషని వీధిలో పేరు, కాబట్టి వీపు తిప్పి నిలబడేది ఆవిడే అంటే ఎవరూ కాదనరు. కుందుజ్ వంతు రాగానే తను దగ్గుతాడు. ఆవిడ "ఎ" అంటుంది. ఒక్క పిల్ల, ఒక్క దగ్గు. దీనివల్ల లోకం ఏమీ మునిగిపోదు.

"నన్ను కూడా ఈ పనిలో దింపావు కదా" అని సణిగింది సైరకన్. కానీ ఒప్పుకుంది.

బళ్ళు తెరిచే ముందు ఆదివారం స్కూలు వాకిలి కిటకిటలాడింది. ఎప్పుడూ అటు తొంగిచూడని తండ్రులు కూడా వచ్చారు. పిల్లలు తలా ఒక వస్తువు తెచ్చి ఎసెన్‌బెక్ ముందున్న సంచిలో వేశారు. ఒకడు బొత్తాం, ఒకతె గవ్వ, ఇంకొకడు బాబాయి బండి తాళం. ఆ తాళం వెంటనే తిరిగి ఇచ్చేశారు. కుందుజ్ ఎర్ర రంగు పూసిన గొర్రె మోకాలి బొమిక వేసింది. దాన్ని చూపు పడగానే గుర్తుపట్టవచ్చు. మనవరాలికి తాతే దగ్గరుండి రంగు పూసి పెట్టాడు మరి.

సైరకన్ గోడ వైపు తిరిగి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఎసెన్‌బెక్ సంచిలోంచి ఒక్కొక్కటే తీసి పైకెత్తుతాడు. అది ఎవరిదో ఆ పిల్ల ముందుకొస్తుంది. "ఈ బిడ్డ ఎక్కడికి?" అంటాడు. సైరకన్ ఏదో ఒక అక్షరం అంటుంది. బురుల్ ఆ పిల్లని ఆ వరసలో నిలబెడుతుంది.

మొదటి గంట హాయిగా సాగింది. పోలీసాయన కూతురికి డి వచ్చింది. పోలీసాయన మీసం ఒకసారి కదిలింది కానీ, అంతమందిలో ఏమంటాడు?

అప్పుడొచ్చింది బొగ్గు లారీ. చలికాలం బాయిలర్ కోసం ఏటా ఆ రోజుల్లోనే వస్తుంది. డ్రైవరు పద్ధతిగా హారన్ కొట్టి, పద్ధతిగా వెనక్కొచ్చి, లారీడు బొగ్గునీ వాకిట్లోనే గుమ్మరించాడు. నల్లటి దుమ్ము లేచింది. ఎసెన్‌బెక్ చేతిలో అప్పుడు ఒక ఆప్రికాట్ గింజ ఉంది. దక్షిణాది నుంచి వచ్చిన జాజ్‌గుల్ అనే బక్క పిల్ల దాని కోసం ముందుకొచ్చి నిలబడింది. వాళ్ళ నాన్న బజార్లో బండి తోస్తాడు.

"ఈ బిడ్డ..." అనబోయి ఎసెన్‌బెక్ దగ్గాడు. ఆపుకోబోయి ఇంకా గట్టిగా దగ్గాడు.

"ఎ!" అని కేకేసింది సైరకన్, గోడ అదిరేలా.

జాజ్‌గుల్ ఎగురుకుంటూ ఎ వరసలోకి పోయింది. ఎసెన్‌బెక్ కళ్ళు తుడుచుకుని సంచిలో చెయ్యి పెట్టాడు. ఏం చెప్పాలి ఆయన అదృష్టం! చేతికి తగిలింది ఎర్ర బొమికే. కుందుజ్ బోసినవ్వుతో ముందుకొచ్చింది. ఎసెన్‌బెక్ ఈసారి ఒప్పందం ప్రకారం దగ్గాడు. సైరకన్ పలకలేదు. మళ్ళీ దగ్గాడు. ఊపిరితిత్తులు చేతికొచ్చేలా దగ్గాడు.

గోడ దగ్గర సైరకన్ లెక్క వేరుగా ఉంది. తన పని అయిపోయింది, బంగారుతల్లికి ఎ ఇచ్చేసింది. ఈ ముసలాయన బొగ్గు దుమ్ముకి దగ్గుతున్నాడు. వెంటనే మళ్ళీ ఎ అంటే జనానికి అనుమానం రాదూ?

"డి!" అంది నింపాదిగా.

ఆ తర్వాత ఇంట్లో జరిగింది రాయకపోవడమే మంచిది. తప్పెవరిదని ఇద్దరూ చాలాసేపు పోట్లాడుకున్నారు. ఎవరి దగ్గర మొరపెట్టుకోడానికీ లేదు. దొంగతనం మధ్యలో జేబు కొట్టేశారని పోలీసు స్టేషన్‌కి పోతామా?

సెప్టెంబరు ఒకటిన పూలగుత్తి పట్టుకుని మనవరాలి వెంట డి గదిలోకి వెళ్ళాడు ఎసెన్‌బెక్. ఆ గది తాళం ఏటా తనే తీయిస్తాడు, లోపల మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు. ఆ రోజు కుందుజ్ పక్కన బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నాడు. చెక్క కిటికీ వైపున్న పిల్లలకి నల్లబల్ల సగమే కనిపిస్తుంది. గోడ అవతల బాయిలర్ మోటారు గుర్రుమంటే టీచరు గొంతు పెంచాలి. బురుల్ గొంతు ఎందుకంత పెద్దదో ఆయనకి అప్పుడు తెలిసింది.

"తాతా, నువ్వు ఈ బెంచీలో పట్టవు, లే" అంది కుందుజ్.

ఇంక చూడాలి ఆ గది వైభవం! ఆ వారంలోనే కిటికీకి అద్దం వచ్చింది. పోలీసాయన మనిషిని పెట్టి మోటారు కింద రబ్బరు వేయించాడు. ఎసెన్‌బెక్ తానే నిచ్చెనెక్కి బల్బులు మార్చాడు. తర్వాత కూర్చుని, ఏ సెక్షనూ ఏడాదంతా మధ్యాహ్నం పూటే చదవకుండా వంతులు వేశాడు. ఒక నెల ఉదయం, ఒక నెల మధ్యాహ్నం. అంత కష్టమనుకున్న పని ఒక్క పూటలో తేలిపోయింది.

బురుల్ అంతా చేతులు కట్టుకుని చూసింది. చివరికి కొత్త అద్దం మీద వేలితో టకటకా కొట్టింది.

"అద్దం దొరకడం ఇంత సులువా అన్నా? ఇన్నేళ్ళూ నేనే తప్పు మనిషిని అడిగానేమో."

అడిగింది ఆయన్నే. ఏటా అడిగింది. ఎసెన్‌బెక్‌కి చెవులు కాలాయి. తన మనవరాలు వచ్చి కూర్చునేదాకా ఆ గదిలో చీకటి ఉందని తనకి తెలియలేదంటే, తెలుసుకోవాలనుకోలేదన్నమాట.

ఎండాకాలం నుంచి సెలవులో ఉన్న హెడ్మాస్టరమ్మ అక్టోబరులో తిరిగి వచ్చింది. నడుం నొప్పికి సరస్సు ఒడ్డున మట్టిపట్టీలు వేయించుకుని, కొత్త ఉత్సాహంతో దిగింది. లాటరీ సంగతి విని నవ్వింది, ఆ తర్వాత తలుపు దగ్గరికి వేసింది.

"ఎసెన్‌బెక్ గారూ, మీ మనవరాలు కింద ఉండటమేమిటి, మనకి నామోషీ కాదూ? మేడమీద బండివాడి కూతురు ఎవరో ఉందట. వాళ్ళకి ఈ ఊరి నివాసం కాగితాలు కూడా లేవు. ఆ పిల్లని కిందికి దింపి కుందుజ్‌ని పైకి తెచ్చుకోండి. అడిగేవాళ్ళెవరు?"

నిజమే, అడిగేవాళ్ళు లేరు. ఇంటి దగ్గర సైరకన్ సరిగ్గా ఈ మాట కోసమే నెల్లాళ్ళుగా ఎదురుచూస్తోంది. ఎంత బాగుచేసినా ఎండ పడే గది ఎండ పడే గదే, పేరున్న టీచరు పేరున్న టీచరే. ఎసెన్‌బెక్ మెట్లెక్కాడు. ఒక్కో మెట్టు దగ్గరా తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. కింద గదిలో ఇప్పుడు అద్దం ఉంది కదా, ఆ పిల్లకేం లోటు?

ఎ గదిలో అది ఆటల వేళ. పిల్లలంతా బయట గోల చేస్తున్నారు. జాజ్‌గుల్ ఒక్కతే మొదటి బెంచీలో కూర్చుని, నాలుక బయటపెట్టి, అక్షరాలు దిద్దుతోంది. ఆయన్ని చూసి గభాల్న లేచింది.

"అగాయ్! మీకు దగ్గు తగ్గిందా?"

అగాయ్ అంటే వాళ్ళకి మాస్టారే. ఎసెన్‌బెక్ తత్తరపడ్డాడు. "తగ్గిందమ్మా. ఎందుకు?"

ఆ పిల్ల సంచి అంతా కెలికి ఒక చిన్న గుడ్డమూట తీసింది. అందులో ఎండు ఆప్రికాట్లు ఉన్నాయి. ఎన్నాళ్ళ నుంచి మోస్తోందో, మూట నలిగిపోయింది.

"అమ్మ ఇమ్మంది. వేడినీళ్ళలో నానబెట్టి తాగాలట. మీరు దగ్గినప్పుడే కదా నాకు ఇక్కడ చోటొచ్చింది? 'ఆయన దగ్గు చల్లగా ఉండ' అంటుంది అమ్మ, రోజూ."

ఎసెన్‌బెక్ మూట అందుకున్నాడు. ఆ పిల్ల దిద్దిన అక్షరాలు చూసి, "ఈ తోక ఇంకొంచెం పొడుగు" అని మాత్రం చెప్పి కిందికి దిగాడు.

"ఏమయింది? పిల్లని పంపేశారా?" అంది హెడ్మాస్టరమ్మ.

"లేదమ్మా. కుప్పలు వేసినవాడు మిగిలింది తీసుకోవాలి. నాకు మిగిలింది నేను తీసుకున్నాను."

"మాంసం గొడవ ఇక్కడెందుకండీ?"

"డి కి ఇంకో మంచి టీచరు కావాలి. ఎ టీచరమ్మ రోజు విడిచి రోజు కిందికి దిగితే సరిపోతుంది. బురుల్ మేడెక్కుతుంది. కూర్చోండి, మాట్లాడదాం" అని కుర్చీ లాక్కున్నాడు.

సాయంత్రం ఇంటికి రాగానే సైరకన్ ఎదురొచ్చింది. "పైకి మార్చావా?"

ఎసెన్‌బెక్ దగ్గాడు.

"ఇదేం దగ్గు? నిజం దగ్గా, దొంగ దగ్గా?"

"నిజం దగ్గే" అంటూ మూట ఆవిడ చేతిలో పెట్టి, అది ఎవరు పంపారో, ఎందుకు పంపారో ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. సైరకన్ అంతా వింది. కెటిల్ పొయ్యి మీద పెట్టి, రెండు గిన్నెలు కడిగింది.