వెలుతురు పెంచిన వీడియో

క్రేన్ కింద మనిషి నలిగిపోయినప్పుడు తమ్ముడు మీట ముట్టుకోలేదని చెప్పగల సాక్షి ఒక్క కెమెరా వీడియోయే. అది నిలవకపోతే అతనికి జైలు తప్పదు. అందులో కెమెరాయే వేసిన, కంటికి కనిపించని గుర్తు దాగి ఉంటుంది. ఆ గుర్తును తీసేస్తే అసలు వీడియో చుక్క తేడా లేకుండా తిరిగి రావాలి. అప్పుడే కోర్టు నమ్ముతుంది. గుర్తు తీయకముందు వీడియో ఏ కొంచెం మారినా ఆ అసలుది ఇక రాదు. అలాంటి గుర్తులు తీయడమే అక్క ఉద్యోగం.

తెర మీద తమ్ముడి చేతులు మీటకు దూరంగా, స్పష్టంగా ఉన్నాయి. ఆ స్పష్టతే ఆమెను భయపెట్టింది.

"ఇంత వెలుతురు ఎక్కడిదిరా?"

"నేనే పెంచానక్కా. చీకట్లో నా చేతులు కనపడి చావలేదు. నీ పని తేలిక చేశా, మెచ్చుకోవా?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! పాతది ఉందా?"

"దాని మీదే సేవ్ చేశా."

"కెమెరాలో?"

"అది వారం దాటితే తనే చెరిపేసుకుంటుందిగా. ఏం?"

ఆమె గుర్తు తీసే పరీక్ష మొదలుపెట్టింది. 'సరిపోలలేదు' అని వచ్చింది.

"పోనీలే, నువ్వు కళ్ళారా చూశావుగా!" అన్నాడు తమ్ముడు.

"చూశానురా," అంది. తనకు తెలిసిన నిజాన్ని ఇక ఎవరికీ నిరూపించలేనని ఆమెకు అర్థమైంది.